రకాల అయివోరు

ఏడాదికొకసారి, దీపావళి వెళ్ళిన వారం పది రోజులకు, నాకొక కార్డు వచ్చేది. ముందువైపు నా పేరు, తిరుపతి రైల్వే స్టేషను ఎదుటి సోడా అంగడి అని విలాసం. వెనకవైపు క్షేమమని లేదు, ఆశీర్వాదమని లేదు. గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట. "పోయినావా?"

మా వీధికి తపాలా తెచ్చేవాడు అందరి కార్డులూ చదివి పంచే మనిషి. మొదటి ఏడు అది నా చేతికిస్తూ, ఎవరబ్బా ఈ పుణ్యాత్ముడు, నువ్వు ఉండావో పోయినావో తెలుసుకోను కార్డు ఖర్చు పెట్టినాడు అన్నాడు. నేను నవ్వాను. కార్డును గోలీలు పోసే డబ్బాలో పెట్టాను. రెండో ఏడుదీ అందులోనే పెట్టాను. మూడో ఏడుదీ అంతే.

ఈ ఏడు కార్డు రాలేదు. కార్తీకమాసంలో మా ఊరి మనిషొకడు కొండకు పోతూ అంగట్లో సోడా తాగి, మన రకాల అయివోరు పోయినాడంట గదా, చంద్రగిరిలో కూతురింట్లో, అని మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆయన నన్నెక్కడికి పొమ్మన్నాడో, నేనెందుకు పోలేదో చెప్పాలి. దానికంటే ముందు ఆయన ఎట్లా కూర్చునేవాడో చెప్పాలి.

పిల్లవాడితో మాట్లాడవలసి వస్తే ఆయన నిలబడి మాట్లాడేవాడు కాదు. పంచె పైకి లాక్కుని, రెండు మోకాళ్ళూ నేలకు ఆన్చి, తన కళ్ళు ఆ పిల్లవాడి కళ్ళకు సమానంగా వచ్చేదాకా కిందికి దిగేవాడు. చిన్నవాడైతే ఇంకా వంగేవాడు. ఆ తర్వాతే పేరు అడగడమైనా, పాఠం అడగడమైనా. ఎంత ఉతికినా ఆయన పంచెకు మోకాళ్ళ దగ్గర రెండు మట్టి బిళ్ళలు అట్లాగే ఉండేవి. మా అయివోరికి నాలుగు పాదాలని నేను ఊరంతా చెప్పాను. ఆయన చెవిన పడింది. మరుసటిరోజు నా ముందర మోకాళ్ళ మీద కూర్చుని, "నాలుగైతే నీకంటే బిన్నా పరిగెత్తుంటానే అబ్బోడా" అన్నాడు. లేచేటప్పుడు మాత్రం ఎదుటి పిల్లవాడి భుజం పట్టుకుని, లేపబ్బా, అనేవాడు. ఆయనను లేపడం మా బళ్ళో ఒక పాఠం.

మా ఊరు కాణిపాకానికి రెండు మైళ్ళు. బడి అంటే ఒక చావడి, ఒక నల్లబల్ల, ముప్ఫై మంది పిల్లకాయలు, ఆయనొక్కడు. యుద్ధం రోజులు. కిరసనాయిలుకు చీటీ, బియ్యానికి చీటీ. తల్లులు పిల్లలను ఈడ్చుకొచ్చి, ఈడు మొద్దు అయివోరా, తన్ని నేర్పించు, అని వదిలేసి పోయేవాళ్ళు. ఆయన పోనిచ్చేవాడు కాదు.

"ఏ రకం మొద్దుమ్మా?"

"మొద్దులో రకాలేంది సామీ?"

"వడ్లకు ఎన్ని పేర్లు పెట్టుకున్యాం మనం? చెరుకులో రకాలుండాయి, సెనక్కాయల్లో రకాలుండాయి. బిడ్డలకు మాత్రం ఒకటే పేరా?"

రకాల అయివోరని ఆయనకు పేరు పెట్టింది నేనే. ఊళ్ళో సగం మారుపేర్లు నేను పెట్టినవే గాని, పెట్టిన మరునాటికే అతికింది అదొక్కటే.

చిన్న వయసులో ఆయన మద్రాసులో చెవిటి పిల్లల బడి ఒకదాంట్లో రెండేళ్ళు గుమాస్తాగా ఉన్నాడట. కిటికీలోంచి ఆ పాఠాలు చూసి చూసి గుమాస్తా పని చెడగొట్టుకున్నానని చెప్పేవాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న అలవాటే, పిల్లల రకాలు రాసిపెట్టుకునే ఒక పుస్తకం. మట్టిరంగు అట్ట, లోపల చూపుకు కొన్ని పేజీలు, చెవికి కొన్ని, నాలుకకు కొన్ని, కాలూచేతులకు కొన్ని, బుద్ధికి కొన్ని. ఒక్కొక్కదాంట్లో మళ్ళీ రకాలు. పొద్దుగూకితే కనపడనివాడు, దూరంది కనపడనివాడు. వినబడనిది, వినబడినా మాట అందనిది. నత్తి, మొండి మౌనం. పుస్తకంలో చదవలేనివాడు, చెబితే మాత్రం అప్పజెప్పేవాడు.

దర్జీ సాయిబు కొడుకు ఒకడుండేవాడు. ముందున్న అయివోరు వాణ్ని రెండేళ్ళు కొట్టాడు, నల్లబల్ల మీద ఒకటి రాస్తే పలక మీద ఇంకొకటి రాస్తాడని. ఈయన కొట్టలేదు. నల్లబల్ల మీద ఒక అక్షరం రాసి, వాణ్ని వెనక గోడ దగ్గర నిలబెట్టి, ఒక్కొక్క అడుగే ముందుకు రమ్మన్నాడు. వాడు నాలుగడుగులు వేసి ఆ అక్షరం చెప్పాడు. అయివోరు అక్కడ సుద్దతో గీత గీసి, మా అందరినీ పిలిచి చూపించాడు. "సూసుకోండి. ఇదీ ఈడి మొద్దుతనం. నాలుగే నాలుగడుగులు." ఆ గీత చాలా రోజులు ఉండింది. మేము దాన్ని తొక్కకుండా దాటేవాళ్ళం.

నత్తి పిల్లవాడొకడికి ఎక్కాలు పాటగా చెప్పుకోవడానికి సెలవిచ్చాడు. పాటలో వాడికి నత్తి వచ్చేది కాదు. మేకల మందను చూడగానే ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకుండా చెప్పేసే గొల్లపిల్లవాడికీ ఒక పేజీ ఉండింది. తక్కువే కాదు, ఎక్కువ గూడా ఒక రకమేనబ్బా, దాన్ని గూడా ఎవరూ కనుక్కోకపోతే అదీ కుంటిదే అవుతాది అనేవాడు. నా పేజీ నేను దొంగతనంగా చూశాను. మూడు ముక్కలు రాసి ఉన్నాయి. నోరు ఎక్కువ. చదువు తక్కువ. కారణం తెలియలేదు.

మావైపు కాణిపాకం కథ తెలియనివాళ్ళు లేరు. ముగ్గురు అన్నదమ్ములు, ఒకడు గుడ్డి, ఒకడు చెవిటి, ఒకడు మూగ. బావి తవ్వుతుంటే గునపం రాతికి తగిలి నెత్తురు ఉబికింది, వినాయకుడు బయటపడ్డాడు, ముగ్గురి లోపాలూ పోయాయి. అందువల్ల మా ఊళ్ళో లోపాలంటే మూడే. నాలుగోది లేదు. అయివోరికి ఆ కథ మీద భక్తి ఉండేది, చిన్న ఫిర్యాదూ ఉండేది. "కథలో ముగ్గురే. నా బళ్ళో పదకొండు మంది ఉండారు. ఆ ముగ్గుర్నీ సామి సూసుకున్యాడు, మిగతావాళ్ళను నా తావకి తోలినాడు" అనేవాడు.

ఆ మూడు లోపాల్లోకే వచ్చిన పిల్ల ఒకతె ఉండింది. ఆమె దగ్గరే ఆయన తప్పాడు. తప్పేట్టు చేసింది నేను.

మునెమ్మ అని, బెల్లం గానుగ దగ్గర పనిచేసే గంగన్న కూతురు. తొమ్మిదేళ్ళు. తల్లి లేదు. చెవి వినబడదు, మాట లేదు. చేతులతోనే అన్నీ చెప్పేది. మారుపేర్లు పెట్టడంలో ఊళ్ళో నాకు పోటీ ఆమె ఒక్కతే. అయివోరిని చెప్పాలంటే రెండు మోకాళ్ళూ తట్టేది. గానుగ ఆసామిని చెప్పాలంటే బొజ్జ ముందు చెయ్యి తిప్పేది. నన్ను చెప్పాలంటే నోటి ముందర నాలుగు వేళ్ళూ బొటనవేలూ టపటపా కొట్టుకునేట్టు ఆడించేది, బాతు నోరు మాదిరిగా. అది చూసి బడంతా నవ్వితే నాకు ఒళ్ళు మండేది. ఎదుటివాళ్ళను నవ్వించేవాణ్ని నేను. నన్ను చూపించి నవ్వించింది ఆమె.

మద్రాసు బడికి అయివోరు ఉత్తరం రాశాడు. జవాబు వచ్చింది. పదేళ్ళు దాటితే తీసుకోరు. పూర్తిగా వినబడని పిల్లలనే తీసుకుంటారు. వినబడీ మాట అందని బిడ్డలకు, అంటే బుద్ధి ఎదగని రకానికి, అక్కడ చోటు లేదు. కాబట్టి పిల్ల వెనకనుంచి శబ్దం చేసి పరీక్షించి, చూసింది చూసినట్టు రాసి పంపమన్నారు. ఆ ఉత్తరం ఆయన మాకు రెండుసార్లు చదివి వినిపించాడు. గంగన్న కూతురు రైలెక్కి పోతుందని, రాయడం చదవడం నేర్చుకుంటుందని, తిరిగొచ్చి మన తప్పులు దిద్దుతుందని చెప్పాడు.

మా బళ్ళో గంట అంటే చావడి స్తంభానికి వేలాడదీసిన రైలు పట్టా ముక్క. దాని పక్కనుంచి మొదలై అవతలి గోడ దాకా, రెండు రాళ్ళ మీద పరిచిన పొడుగాటి తాటిబల్ల. ఇవతలి కొస నాది. అల్లరివాళ్ళు అయివోరి చేతికందే దూరంలో ఉండాలని గంట కిందనే నా చోటు. ఆ పూట అవతలి కొసన మునెమ్మను గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. మిగతా పిల్లలను నేల మీదికి దింపి, నన్ను మాత్రం కదలవద్దన్నాడు. నేను లేస్తే ఆ కొస దిగి మునెమ్మ కింద పడుతుందని. బల్ల కదులుతుందని ఆయనకు అంత బాగా తెలుసు. తెలిసినది పరీక్షలో గుర్తుకు రాలేదు.

మొదటి దెబ్బ కొట్టాడు. చెవులు గింగురుమన్నాయి. మునెమ్మ కదలలేదు. ఆమె వీపు అట్లాగే ఉంది. అయివోరు రెండో దెబ్బకు సిద్ధమయ్యాడు. ముప్ఫై మంది ఊపిరి బిగబట్టారు. అంత నిశ్శబ్దం నాకు పడదు. రెండో దెబ్బ పడేటప్పటికి నా కుడి మడమతో బల్ల అడుగున ఒక తన్ను తన్నాను. గంట మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు. మునెమ్మ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

అయివోరి ముఖం చూడాలి. చూస్తే నవ్వొచ్చింది. అందుకని మూడో దెబ్బకు మళ్ళీ తన్నాను. మళ్ళీ తిరిగింది. నాలుగో దెబ్బకూ అంతే.

నాలుగోది అయ్యాక లేచి నిలబడి చెప్పేద్దామనుకున్నాను. పరిహాసం అంటే చివర్లో విప్పి చెప్పాలి కదా. ఆయన అప్పటికే మునెమ్మ ముందుకు పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆమె ముఖం వైపు చూస్తున్నాడు. అంత దిగులుగా ఆయన ఎవరినీ చూడగా నేను చూడలేదు. ఇంకాసేపట్లో చెబుదాంలే అనుకున్నాను. బడి వదిలారు. రేపు చెబుదాంలే అనుకున్నాను. మరుసటిరోజు ఉత్తరం పోస్టులో పడింది. నాలుగు దెబ్బల్లో మూడింటికి తిరిగింది, వినబడుతుంది, మాట అందడం లేదు. పుస్తకంలో ఆమె పేరు చెవి పేజీలోంచి కొట్టేసి బుద్ధి పేజీలో రాసుకున్నాడు. మద్రాసు నుంచి చోటు లేదని జవాబు వచ్చింది. గంగన్నను పిలిచి అదంతా విడమర్చి చెప్పాడు.

చెప్పిన దాంట్లో గంగన్నకు అందింది ఒక్కటే. నా కూతురికి వినబడుతుంది.

అప్పటిదాకా మునెమ్మను గానుగ పక్కకు రానిచ్చేవాళ్ళు కాదు. గానుగ దగ్గర చెవే ప్రాణం. చెరుకు పెట్టే మనిషి కింద కూర్చుని ఉంటే, నెత్తి మీదుగా కాడిమాను తిరుగుతూ ఉంటుంది. ఎద్దులు తోలేవాడు వంగు అంటే వంగాలి, తియ్ అంటే చెయ్యి తియ్యాలి. వినబడని పిల్లకు అక్కడ పనేమిటి? వినబడే పిల్లకైతే ఉంది. చెరుకు సీజను రాగానే, అయివోరే రాసిచ్చినాడు గదా అని, గంగన్న ఆమెను గానుగ దగ్గర కూర్చోబెట్టాడు. పిలిస్తే పలకనప్పుడల్లా ఇంట్లో దెబ్బలు కూడా కొత్తగా మొదలయ్యాయి. ముందు చెవిటిది, పాపం అనేవాళ్ళు. ఇప్పుడు పొగరన్నారు.

ఆ రోజు నేను అక్కడ లేను. ఎద్దులు తోలినవాడు తర్వాత ఊరంతటికీ చెప్పాడు. చెరుకుతోపాటు ఆకు ఒకటి ఆమె మణికట్టుకు చుట్టుకుని పోతూ ఉంటే వాడు చూశాడట. ఆమె చూపు అటు లేదట, ఎవరో బాటన పోతుంటే చూస్తూ ఉందట. తియ్, తియ్ అని రెండు కేకలు పెట్టాడట. ఎద్దులు ఆగేటప్పటికి కుడిచెయ్యి చెరుకు నలిపే ఇనుప దిమ్మెల మధ్య ఉంది. ఆ పూట రసమంతా కాలవలో పారబోశారు. చిత్తూరు ధర్మాసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

కుడిచెయ్యి పోతే మనకు పని పోతుంది. మునెమ్మకు సగం మాట పోయింది.

ఊళ్ళో తగువు లేచింది. గానుగ ఆసామి, వినబడని పిల్లను ఎందుకు పెట్టినావని గంగన్నను అడిగాడు. గంగన్న బడికొచ్చి, వినబడుతుందని నువ్వు రాసినావు గనకనే పెట్టినానని అయివోరి పంచె పట్టుకున్నాడు. పెద్దలు కూర్చుని మావైపు తీర్పు తీర్చే విధంగానే తీర్చారు. అయివోరు కాణిపాకం పోయి సామి ముందర ప్రమాణం చెయ్యాలి. అక్కడ అబద్ధమాడితే తొంభై రోజుల్లో తేలిపోతుందని మాకు గట్టి నమ్మకం. పాలవాడు నీళ్ళు కలపలేదని చెప్పడానికి కూడా అక్కడికి పోవాలంటే జంకేవాడు.

సోమవారం పొద్దున ఊళ్ళో సగం మంది పోయాము. అయివోరు స్నానం చేసి, తడిబట్టలతో, వణుకుతూ నిలబడ్డాడు. "ఆ బిడ్డ వీపు వెనకాల నాలుగు తూర్లు గంట కొట్టినా. మూడు తూర్లు తిరిగి సూసింది. నా కన్ను సూసిందే రాసినా. అంతకంటే ఒక ముక్క జాస్తి రాసుంటే సామే నన్ను సూసుకోవాల." అదీ ఆయన చెప్పింది. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నేను ఒక లావుపాటి యాత్రికుడి వెనకాల దాక్కుని విన్నాను. సామికి ఎదురుగా నిలబడాలని నాకనిపించలేదు.

గంగన్న అక్కడే అయివోరి కాళ్ళ మీద పడ్డాడు, అనుమానించినందుకు. సామి ముందర చెప్పాడు కాబట్టి అది నిజం. అది నిజం కాబట్టి పిల్లకు వినబడుతుంది. వినబడుతుంది కాబట్టి, కేక విని కూడా చెయ్యి తియ్యనిది పిల్లదే తప్పు. ఊరికి చేరగానే గంగన్న, అరుగు మీద అటు తిరిగి కూర్చుని ఉన్న మునెమ్మ వెనకాలకు పోయి, "విన్యావు గదే, విని గూడా ఎందుకు తియ్యలేదే" అని ఒక్క అరుపు అరిచి, చెంప మీద కొట్టాడు.

అందరూ ఆ దెబ్బను చూశారు. అయివోరు దెబ్బకు ముందరిది చూశాడు. అంత అరుపుకు ఆ పిల్ల భుజం కూడా అదరలేదు. చెయ్యి పడేదాకా తల తిరగలేదు.

మరునాడు బళ్ళో మునెమ్మను తాటిబల్ల మీద కాకుండా మట్టినేల మీద కూర్చోబెట్టి, వెనకనుంచి గంట కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, పన్నెండు దాకా లెక్కపెట్టాను. ఆమె ఎడమచేత్తో నేల మీద గీతలు గీసుకుంటూ ఉంది. తిరగలేదు. అప్పుడాయన చాలాసేపు బల్లవైపు, గంట స్తంభంవైపు చూశాడు. బల్ల కొస స్తంభానికి ఆనుకుని ఉంది. గంట అదురు స్తంభంలోంచి బల్లలోకి, బల్లలోంచి పిల్లకు పాకిందని తేల్చుకున్నాడు. "చెవితో కాదురా అది విన్యది. పిర్రలతో విన్యది. నేను చెవిని అడిగితే కట్టె చెప్పింది" అన్నాడు. ఇంకొకప్పుడైతే ఆ మాటకు మేము పడి పడి నవ్వేవాళ్ళం.

గొడ్డలి తెప్పించి బల్లను తనే కొట్టాడు. అలవాటు లేని చేతులు, బొబ్బలెక్కాయి. ఎవరినీ ముట్టనివ్వలేదు. ముక్కలు బడి ముందర పోసి, కావలసినవాళ్ళు పొయ్యిలోకి తీసుకుపోండన్నాడు. మా అవ్వ రెండు చీలికలు తెచ్చింది. ఆ పూట మా ఇంట్లో సంగటి వాటి మీదే ఉడికింది. నేను తిన్నాను.

అయివోరు గంగన్న ఇంటికి పోయి, నాది తప్పు, బిడ్డకు నిజంగా వినబడదు, కొట్టవద్దు, నేను మళ్ళీ మద్రాసుకు రాస్తానని చెప్పాడు. గంగన్న విన్నాడు. మర్యాదగానే జవాబిచ్చాడు.

"సామి ముందర తడిబట్టల్తో చెప్తివి గదా అయివోరా. ఇప్పుడు కాదంటే ఎట్ల? నువ్వు అబద్ధమన్నా కావాల, సామి అబద్ధమన్నా కావాల. తొంభై రోజులు దాటినాక గూడా నీకేమీ కాకుంటే నువ్వు నిజమే చెప్పినట్టు. గమ్మునుండు."

తొంభై రోజులూ దాటాయి. అయివోరికి తుమ్ము కూడా రాలేదు. అంతకు ముందే మునెమ్మకు పదేళ్ళు నిండాయి, మద్రాసు వాళ్ళు వయసు దాటిందని రాశారు. ఊరు ఆయనను ఏమీ అనలేదు. నిజం పలికే మనిషి అని ఇంకా గౌరవించింది. ఆ గౌరవం పట్టలేక ఆయనే అడిగి బదిలీ చేయించుకుని పోయాడు. పోయిన ప్రతి చోటా తోటి అయివోర్లకు చెప్పేవాడట, బిడ్డ చెవి చూడాలంటే నేల మీద కూర్చోబెట్టి చూడండి, కట్టె మీద వద్దు అని. అది మంచి మాటే. దానికి పునాది నా మడమ.

ఆ నెలలోనే నేను బడి మానేశాను. అయిదో తరగతి. బల్ల లేని బళ్ళో ఎట్లా కూర్చునేదని చెప్పేవాణ్ని. అందరూ నవ్వేవాళ్ళు.

యుద్ధం అయిపోయిన మరుసటేడు, ఎండాకాలం, ఆయన నా అంగడికి వచ్చాడు. కొండకు నడిచిపోయి దిగి వచ్చినట్టున్నాడు, నున్నటి గుండు, చంకలో సంచి. నన్ను గుర్తుపట్టలేదు. నేను సోడా కొట్టి ఇచ్చి, మోకాళ్ళ దగ్గర ఆ రెండు మట్టి బిళ్ళలు చూశాను. పాతవాటి కంటే పెద్దవయ్యాయి. నా పేరు చెప్పాను. నోరు ఎక్కువ అని కూడా చెప్పాను. ఆయన ముఖం విచ్చుకుంది. ఆ విచ్చుకున్న ముఖానికి ఎదురుగా నేను మొత్తం చెప్పేశాను. ఎందుకు ఆ రోజే చెప్పానో నాకు తెలియదు.

ఆయన సోడా బల్ల మీద పెట్టాడు. సంచి దించాడు. స్టేషను ముందర జనమంతా చూస్తుండగా పంచె లాక్కుని మోకాళ్ళ మీదికి దిగాడు. నేను ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాను. ఆయన కళ్ళు నా కళ్ళకు సమానంగా వచ్చాయి.

"ఏ కాలు?"

"కుడికాలు అయివోరా."

"మొదటి దెబ్బకు?"

"తన్నలేదు."

"మొదటి దెబ్బకు తిరగలేదు గదా అది?"

"తిరగలేదు."

"అయితే నా పరీక్ష తప్పు కాదు" అన్నాడు. ఆ మాటలో వెలుగుంది. ఇన్నేళ్ళుగా మోస్తున్నది దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. వదిలిన మరుక్షణం తన అరచెయ్యే తీసి తన నోటి మీద పెట్టుకున్నాడు. ఆయన సిగ్గుపడటం నేను చూసింది అదొక్కసారే. నా తప్పు వింటూ తనకు కలిగిన సుఖానికి ఆయన సిగ్గుపడ్డాడు.

తర్వాత తిడతాడేమోనని చూశాను. తిట్టలేదు. పన్నెండేళ్ళవాణ్ని బల్ల మీద ఉంచి గంట కొట్టిన బుద్ధి ఎవరిదని తనను తానే అడిగాడు. ఆ పిల్లను మాత్రం ఎవరూ అడగలేదని అన్నాడు. "దాన్నే అడిగుండాల నేను. ఎందుకు తిరిగినావు అని. చెప్పేదాన్ని ఎట్ల అడగాలో తెలీక, గంటను అడిగినా, బల్లను అడిగినా, సామిని గూడా అడిగినా." నా భుజం పట్టుకుని లేచాడు. లేచాక కూడా భుజం వదల్లేదు. "నా మాట ఆ ఊళ్ళో ఇంక చెల్లదు. నువ్వు పో. గంగన్నతో చెప్పు. ఇప్పటికీ దాన్ని పొగరుబోతనే అంటా ఉండారు."

పోతానన్నాను. కొండమీద బ్రహ్మోత్సవాలు అయిపోనీ, అంగట్లో బేరం తగ్గుతుంది అన్నాను. సోడా పూర్తిగా తాగకుండానే ఆయన వెళ్ళిపోయాడు. తర్వాత సంగతి మీకు తెలుసు. కార్డులు మూడు.

ఆయన పోయాడని తెలిసిన నాలుగో రోజు అంగడి మూసి, చిత్తూరు బస్సెక్కి, అక్కడినుంచి నడిచి ఊరికి పోయాను. గంగన్న ముసలివాడయ్యాడు. పెరట్లో ఎద్దులు విప్పిన బండి, దాని వెనక కొసన మునెమ్మ, మాకు వీపు పెట్టి సెనక్కాయలు ఒలుస్తూ ఉంది. కాయను మొండిచేతి కింద అదిమిపెట్టి ఎడమచేత్తో చిదుముతోంది. పక్కనుంచి కనబడే చెంప మీద దెబ్బ గుర్తు ఒకటుంది, పాతది కాదు, ఇటీవలిదే.

గంగన్నకు చెప్పాను. మడమ, బల్ల, మూడు తన్నులు, అన్నీ. ఆయన చివరిదాకా విని, పొగాకు ఉమ్మేసి, పడీ పడీ నవ్వాడు.

"నువ్వెప్పుడూ ఇంతే గదబ్బా. అయివోరు పోయి నెల గాలేదు, ఆయన మీద గూడా కతలు కడతా ఉండావు."

"ప్రమాణం చేస్తా మామా. రేపే కాణిపాకం పోదాం రా."

"నువ్వా? నువ్వు తడిబట్టల్తో నిలబడితే సామి గూడా నవ్వతాడు."

చిన్నప్పటినుంచీ ఆ ఊరిని నవ్వించిన మనిషిని నేను. ఆ నవ్వును ఎట్లా ఆపాలో నాకు తెలియలేదు. పోయి బండి ముందు కొసన, పలక మీద కూర్చున్నాను. ఆమె వీపుకూ నాకూ మధ్య బండి పొడుగంతా ఉంది. ఆమె చూడలేదు. కుడి మడమతో పలక అడుగున తన్నాను. ఒకటి, రెండు, మూడు.

సెనక్కాయ చిదిమే చెయ్యి ఆగింది. మునెమ్మ మెల్లగా తిరిగింది. నా ముఖం చూడలేదు. ముందు నా కాలు చూసింది. ఆ తర్వాత ఒడిలో కాయలు పక్కకు పెట్టి, ఎడమ పిడికిలితో బండి పలకను మూడుసార్లు కొట్టింది. కొట్టి, అదే చేతిని నోటి ముందర పెట్టుకుని, నాలుగు వేళ్ళూ బొటనవేలూ బాతు నోరు మాదిరిగా టపటపా ఆడించింది.

గంగన్న నవ్వు ఆగిపోయింది. "ఏమంటాంది రా అది?" అన్నాడు.

ఆయన కూతురు చెబుతున్నదేమిటో ఆ పెరట్లో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. నోరు ఎక్కువ అని అయివోరు రాసుకున్నాడు కదా. ఆ పూట ఎంతసేపటికీ అది పెగల్లేదు.